‘లేవు’ అన్న ఒక్క మాట

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, శ్రీకాకుళం జిల్లాలోని పాత బౌద్ధ క్షేత్రం శాలిహుండం మీద నీవు రాసిన వ్యాసమూ, వారసత్వ డేటాబేస్ కోసం నింపిన నమోదు పత్రమూ అందాయి. కొండ మీంచి వంశధారను చూపించిన తీరు బాగుంది. అయితే ‘పర్యావరణ ఆధారాలు’ అన్న గడిలో, అంటే మట్టిలో మిగిలిన నాటి గింజలు, బొగ్గు, ఎముకల వంటివి రాయాల్సిన చోట, ‘లేవు’ అని రాశావు. ఆ మాట చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన ఆ చోట స్తూపాలు, విగ్రహాలు, ధాతు కరండాలు (పవిత్ర అవశేషాలు దాచే బరిణెలు) బయటపడ్డాయని నీవే రాశావు. మరి అక్కడి బూడిదమట్టిని ఎవరైనా నీళ్లలో తేల్చి చూశారా? వెతికినా దొరకకపోవడం వేరు, అసలు వెతకకపోవడం వేరు. రెండింటికీ ‘లేవు’ అనే రాస్తే, రేపు ఉత్తరాంధ్రలో పాతకాలపు పంటల పటం గీసేవారు ఆ ఊళ్లో సేద్యమే లేదనుకుంటారు.

నా పాతికేళ్ల వయసులో నాగావళి ఒడ్డున ఒక తవ్వకంలో పనిచేశాను. పొయ్యి అడుగు బూడిదను పారబోయబోతుంటే ఆపి, బకెట్ నీళ్లలో కలిపి, పైకి తేలినదాన్ని పలుచని గుడ్డలో వడగట్టాను. ఆరాక బొగ్గు నలుసుల మధ్య ఒక ఉలవగింజ కనిపించింది. మాడి నల్లబడినా, గోటి మీద పెట్టుకుంటే అచ్చం మా అమ్మ గుగ్గిళ్లకు చేటలో ఏరే గింజే. కాలిన దూలపు బొగ్గును వయసు తేల్చే కార్బన్-14 పరీక్షకు పంపితే చెట్టు పెరిగిన కాలం తెలుస్తుంది, అది ఇల్లు కట్టిన నాటికన్నా ఎంతో ముందుది కావచ్చు. గింజ మాత్రం ఒక్క పంటకాలానిది. ఏ పొర, ఎన్ని లీటర్ల మట్టి, జల్లెడ కన్ను ఎంత అన్నది పట్టిక వేసి పంపితే, ఒక సంపాదకుడు ‘పాఠకులకు మట్టి లెక్కలెందుకు’ అని దాన్ని కొట్టేసి, ఆ జాగాలో విగ్రహం ఫొటో వేశాడు. నకలు ఉంచుకోలేదు. ముప్పై ఏళ్లయినా ఆ బాధ పోలేదు.

జల్లెడ కన్ను తప్పక రాయాలి. 5 మిల్లీమీటర్ల కన్నులో చోడిగింజ ఒక్కటీ నిలవదు కనుక, ఆ జల్లెడ పట్టినవారు చోళ్లు లేవంటే అది సాక్ష్యం కాదు. మనం చోడి అన్నదాన్ని మరొక జిల్లావారు రాగి అంటారు. పక్కనే ఎల్యూసినే కొరకానా అన్న శాస్త్రీయ నామం వేస్తే, వెతికేవారికి రెండూ ఒకటేనని తెలుస్తుంది.

ఆ గడి దిద్ది పంపు. తవ్వకాల నివేదికలో మట్టి, బొగ్గు, ఎముక, గుల్ల అన్న ప్రస్తావన ఎక్కడున్నా పుట సంఖ్యతో ఎత్తిరాయి. ఏమీ కనబడకపోతే ‘పరిశీలించిన దాఖలా లేదు’ అని రాసి, నీవు చూసిన నివేదిక పేరూ, చూసిన తేదీ పక్కన వేయి.