గెకో వేళ్ల మీద కుబుసం ఉండిపోతే

మీ లెపర్డ్ గెకో (మచ్చల పెంపుడు బల్లి) ఒళ్లంతా కుబుసం విడిచినా, వేళ్ల చివర తెల్లగా ఉంగరాల్లా మిగిలిందన్నారు. తేలిగ్గా తీసుకోకండి. అది ఎండేకొద్దీ బిగుసుకుంటుంది, రక్తం ఆడక వేలు నల్లబడి రాలిపోవచ్చు. గోటితో మాత్రం పీకొద్దు. మూతకు చిల్లులున్న డబ్బాలో పాదాలు మునిగేంత గోరువెచ్చని నీళ్లు (30 డిగ్రీలు చాలు) పోసి 15 నిమిషాలు ఉంచండి. తర్వాత తడి ఇయర్‌బడ్‌తో వేలి మొదలు నుంచి కొనకు మెల్లగా రుద్దండి. రాకపోతే రేపు మళ్లీ.

అసలు కారణం పొడిగాలి. హైదరాబాద్ మే ఎండలు, పైగా రోజంతా ఏసీ! కిలో పెరుగు డబ్బాకు పక్కన గెకో దూరేంత రంధ్రం కోసి, అంచులు నున్నగా రుద్ది, పిండినా చుక్క కారనంత తడిగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) నింపి ట్యాంకులో వెచ్చని వైపు పెట్టండి. ట్యాంకంతా తడిపితే బూజే. వేలు వాస్తే ఆలస్యం చేయకుండా ఎగ్జోటిక్స్ (బల్లులు, పాముల్లాంటి అరుదైన పెంపుడు జీవులు) చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.