అడ్మినిస్ట్రేటర్‌కే అనుమతి లేదంటే తప్పు ఫైళ్లలో లేదు

ప్రశ్న: వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైటులో నేను అడ్మినిస్ట్రేటర్‌ని. మిగతా పేజీలన్నీ తెరుచుకుంటున్నాయి కానీ ఒక ప్లగిన్ (సైటుకు అదనపు పనులు జోడించే సాఫ్ట్‌వేర్) పేజీ దగ్గర మాత్రం ‘ఈ పేజీ చూడటానికి మీకు అనుమతి లేదు’ అని వస్తోంది. ఫైళ్లకు 777 ఇమ్మని ఒకరు చెప్పారు. ఇవ్వాలా?

వద్దు. దయచేసి ఆ పని చేయకండి. 777 అంటే ఫైళ్లను చదవడానికి, రాయడానికి, నడపడానికి అందరికీ అనుమతి. అది ఇస్తే ఆ సర్వర్‌లోకి చొరబడిన ఏ ఖాతా అయినా మీ ఫైళ్లను తిరగరాయగలదు. పైగా మీ సమస్యకూ ఫైళ్లకూ సంబంధమే లేదు. ఫైళ్ల దగ్గర చిక్కు ఉంటే ఫోల్డరు సృష్టించలేకపోయామనో, ఫైలు కాపీ చేయలేకపోయామనో వస్తుంది. అప్పుడు కూడా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 చాలు, వాటిలో రాసే అనుమతి యజమానికి మాత్రమే ఉంటుంది. మీకు కనిపిస్తున్న వాక్యం మాత్రం వర్డ్‌ప్రెస్ మీ పాత్రను (అడ్మినిస్ట్రేటర్ లాంటి హోదాను), ఆ పాత్రకున్న అధికారాల జాబితాను చూసుకుని చెబుతున్నది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, శ్రీకాళహస్తిలో మా పిన్ని ఇంట్లో తెలిసింది.

మా పిన్ని కలంకారీ చీరలు వేస్తుంది. అచ్చు వేసినవి కావు, కలంతో గీసినవి. కరక్కాయ పొడి, పాలు కలిపి బట్టను నానబెట్టడం, బెల్లంలో ఇనుప తుక్కు ఊరబెట్టి నల్లరంగు తీయడం, గీత గీశాక మళ్లీ మళ్లీ ఉతికి ఆరేయడం. ఒక్కో చీరకు వారాలు పడుతుంది. యంత్రం మీద అచ్చు కొట్టిన బట్టను కలంకారీ అని అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పోటీ తట్టుకోలేకే పిన్ని సొంతంగా ఒక సైటు పెట్టించుకుంది.

శ్రావణ మాసం, వరలక్ష్మీ వ్రతానికి ఇంకా పది రోజులు. తిరుపతిలో ఉన్న నాకు పిన్ని ఫోను చేసింది. డబ్బు పడిందని బ్యాంకు నుంచి సందేశాలు వస్తున్నాయట, ఎవరికి ఏ చీర పంపాలో చూద్దామంటే ఆర్డర్ల పేజీ తెరుచుకోవడం లేదట. ‘నా దుకాణం తాళం నా దగ్గరే లేదా నాయనా?’ అంది. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. సాయంత్రం బస్సెక్కాను, 40 కిలోమీటర్లలోపే కదా.

వెళ్లి చూస్తే ఎవరో చెప్పారని పిన్ని కోడలు అప్పటికే 777 ఇచ్చేసింది. ఫలితం శూన్యం. ముందు వాటిని వెనక్కి మార్చాను. కాష్ (దాచిపెట్టుకున్న పాత పేజీలు) ఖాళీ చేశాను, బ్రౌజరు మార్చాను, మిగిలిన ప్లగిన్లను ఒక్కొక్కటిగా ఆపి చూశాను. రాత్రి పదకొండయింది. అప్పుడు తట్టిన పనే మీరు మొదట చేయాల్సింది: కొత్తగా ఇంకొక అడ్మినిస్ట్రేటర్ ఖాతా సృష్టించి దానితో లోపలికి వెళ్లండి. కొత్త ఖాతాకు పేజీ తెరుచుకుంటే తప్పు మీ పాత ఖాతాలో ఉంది. దానికీ తెరుచుకోకపోతే అడ్మినిస్ట్రేటర్ అనే పాత్రకే ఆ అధికారం పోయింది. మాకు తెరుచుకోలేదు.

సైటు కట్టిన అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ వేళప్పుడు ఫోను చేసినా విసుక్కోలేదు. ‘కోడలుగారికి వస్తువుల పేజీ ఒక్కటే కనిపించేలా చేయమన్నారు కదా అన్నా, అది సరిగ్గా కుదరక పాత్రలన్నీ మొదటి స్థితికి తెచ్చేశాను’ అన్నాడు. చిక్కు ముడి అక్కడే ఉంది. మొదటి స్థితి అంటే వర్డ్‌ప్రెస్ పుట్టుకతో ఇచ్చే అధికారాలు మాత్రమే. దుకాణం ప్లగిన్ లాంటివి తమ సొంత అధికారాలను తామే ఆ పాత్రకు చేరుస్తాయి, అదీ చాలావరకు యాక్టివేట్ చేసిన క్షణంలోనే. పాత్రలను తుడిచేస్తే అవీ పోతాయి.

సైటుకు బ్యాకప్ తీసుకుని, ఆ ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి, మళ్లీ యాక్టివేట్ చేశాను. పేజీ తెరుచుకుంది. పదిహేడు ఆర్డర్లు వరుసగా కనిపించాయి. పిన్ని కళ్లజోడు తెచ్చుకుని ఒక్కొక్క పేరూ పైకి చదువుతూ కాగితం మీద రాసుకుంది.

మీది కూడా ఇదేనని నా గట్టి నమ్మకం. ఈ మధ్య పాత్రలు మార్చే ప్లగిన్ ఏదైనా పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. బ్యాకప్ తీసుకుని, పేజీ తెరుచుకోని ఆ ప్లగిన్‌నే డీయాక్టివేట్ చేసి మళ్లీ యాక్టివేట్ చేయండి, డిలీట్ మాత్రం నొక్కకండి. కొన్ని ప్లగిన్లు డిలీట్ చేస్తే తమ సమాచారాన్నంతా తుడిచేసి పోతాయి. ఒక్క పేజీ కాకుండా డ్యాష్‌బోర్డు మొత్తం మూసుకుపోయి ఉంటే అది వేరే కథ, డేటాబేస్ పట్టికల పేర్ల ముందుండే ప్రిఫిక్స్ మార్చినప్పుడు అలా అవుతుంది.

అయితే ఆ రాత్రి నన్ను నిజంగా బాధపెట్టింది ఇది కాదు. కొత్త ఆర్డరు వస్తే మెయిలు రావాలి కదా, అవి ఏమయ్యాయని వెతికితే అన్నీ ఆ అబ్బాయి చిరునామాకే వెళ్తున్నాయి. అతను ఆ పాత మెయిలు తెరవడమే మానేశాడు. హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ చోటు) అతని పేరు మీద, డొమైన్ (సైటు చిరునామా) కూడా అతని పేరు మీదే. అతనిలో దురుద్దేశం ఏమీ లేదు, ఎవరూ అడగలేదు కాబట్టి అలా ఉండిపోయింది. తిరుపతిలో లాడ్జీలకూ ట్రావెల్స్‌కూ సైట్లు చేసి పెట్టేటప్పుడు నేను పదేపదే చూసేది ఇదే. ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న పెద్దమనిషికి తన డొమైన్ ఎవరి పేరు మీద ఉందో తెలియదు. కొట్టు అద్దె కాగితం బీరువాలో భద్రంగా ఉంటుంది, సైటు పాస్‌వర్డ్ మాత్రం ఎవరి ఫోనులోనో ఉంటుంది. సైటు చేసిచ్చేవాళ్లు డబ్బు తీసుకున్న రోజే తాళాలన్నీ యజమానికి అప్పగించాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

తెల్లవారేలోపు మెయిలు చిరునామా, హోస్టింగ్ పిన్ని పేరుకు మార్చాం. డొమైన్ ఒక్కటే మిగిలింది. ఆ అబ్బాయి వచ్చే ఆదివారం ఇంటికి వస్తున్నాడు, బదిలీ కోడ్ పిన్ని చేతికే ఇస్తానన్నాడు.