తాబేటి డిప్ప మెత్తబడి, కళ్లు వాస్తే తిండిలో ఏం మార్చాలి?

అనంతపురంలో, ఇంట్లో గాజుతొట్టిలో ఏడాది వయసున్న ఎర్రచెవి తాబేలు. రోజూ కోడి ముక్కలు, ఎండు రొయ్యలు, అప్పుడప్పుడు బొరుగులు. ఇప్పుడు డిప్ప నొక్కితే లోపలికి పోతోంది, రెప్పలు వాచాయి, తిండిలో ఏం మార్చాలి అని దాన్ని పెంచుతున్నవారు అడిగారు. ఇవి రెండు వేర్వేరు లోపాలు, ఒకే మందుతో పోవు.

ముందు డిప్ప సంగతి. తాబేలు తిండిలో భాస్వరం కంటే కాల్షియం ఎక్కువ ఉండాలి, రెట్టింపు ఉంటే మరీ మంచిది. ఎముక లేని కోడి కండ నూరు గ్రాముల్లో భాస్వరం 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, కాల్షియం మాత్రం 15 మిల్లీగ్రాముల లోపే. ఆ కొరతను శరీరం ఎముకల్లోంచి, డిప్పలోంచి లాక్కుని పూడ్చుకుంటుంది. పైగా విటమిన్ డి3 లేకపోతే తిన్న కాల్షియం కూడా ఒంటబట్టదు. డి3 తయారవ్వాలంటే ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు నేరుగా ఒంటి మీద పడాలి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది కాబట్టి "కిటికీ పక్కనే పెట్టాం" అంటే పెట్టనట్టే.

మన ఊళ్లో ఎండకు కొదవలేదు. పొద్దున ఎనిమిది ప్రాంతంలో ప్లాస్టిక్ టబ్బులో మునిగేంత నీళ్లు పోసి, సగం టబ్బుకు గోనెసంచి నీడ కట్టి అరగంట ఉంచండి. గాజుతొట్టిని మాత్రం ఎండలోకి తేవద్దు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు చూస్తుండగానే కాగిపోయి ప్రాణం పోతుంది.

కోడి, బొరుగులు పూర్తిగా మానేయండి. మంచి తాబేటి పెల్లెట్లు (గుళికల మేత) రోజుకు దాని తలకాయంత చాలు. పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు ఆకులే వేయండి, పెల్లెట్లు సాయంత్రం. ముందు పెల్లెట్లు వేస్తే ఆకు ముట్టదు. మునగాకు, ముల్లంగి ఆకు, మల్బరీ ఆకు బాగుంటాయి. మల్బరీ హిందూపురం వైపు పట్టు రైతుల దగ్గర దొరుకుతుంది, మందు కొట్టని ఆకు అని అడిగి తెచ్చుకోండి. పాలకూర, గోంగూర, చుక్కకూర వద్దు. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని కట్టేస్తుంది. పుల్లకూర రుచి మనకే ఉండనీండి. మూలికల అంగట్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక, కాల్షియం ఉండేది) వెనక గట్టి పెంకు గీకేసి, బొటనవేలంత ముక్క నీళ్లలో వదిలితే అదే కొరుక్కుంటుంది. ఏది పెట్టినా నీళ్లలోనే పెట్టాలి, ఈ తాబేలు గట్టు మీద మింగలేదు.

కళ్ల వాపుకు ఎక్కువగా కారణం విటమిన్ ఏ లోపం, ఒక్కోసారి మురికి నీళ్లు. తురిమిన క్యారట్, గుమ్మడి కలపండి, నీళ్లు మార్చండి. కళ్లు పూర్తిగా మూసుకుపోతే తిండి కనబడక తినడం మానేస్తుంది. అప్పుడు పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. మనుషుల విటమిన్ చుక్కలు సొంతంగా వేయకండి, విటమిన్ ఏ మోతాదు మించితే చర్మం ఊడిపోతుంది.

మెత్తబడిన డిప్ప గట్టిపడటానికి నెలలు పడుతుంది. వంకరపోయిన భాగం మళ్లీ సరికాదు.

ఇదంతా ఎర్రచెవి తాబేలుకే. మన గుట్టల్లో తిరిగే నక్షత్ర తాబేలు నేల మీద ఆకులు, గడ్డి మేసేది, దాని లెక్కే వేరు. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం.