బయట ఏమీ చేయదు, ఇంట్లోకి రాగానే పోసేస్తుంది: మా చిట్టితో నేను నేర్చుకున్నది

మీరు రాసింది చదవగానే రెండేళ్ళ కిందటి మా ఇల్లు గుర్తొచ్చిందండీ. మూడు నెలల కుక్కపిల్ల, రోజుకి ఐదారుసార్లు హాల్లో మూత్రం పోస్తోంది, అరగంట బయట తిప్పినా ఏమీ చేయకుండా గుమ్మం దాటి లోపలికి రాగానే కానిచ్చేస్తోంది, ఇంట్లోవాళ్ళేమో రెండు తగిలిస్తే అదే దారికొస్తుందంటున్నారు, ఇదే కదా మీ సమస్య. ముందు ఒక్కటి చెప్తాను, దయచేసి కొట్టకండి, ముక్కు తీసుకెళ్ళి అందులో రాయడం లాంటివి అసలు చేయకండి.

ఎందుకంటే మేం ఆ తప్పు చేశాం. మా చిట్టి వీధికుక్క పిల్ల, సికింద్రాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటి గేటు దగ్గర వానలో తడుస్తుంటే లోపలికి తెచ్చుకున్నాం, అప్పటికి రెండు నెలలు ఉంటాయన్నారు డాక్టర్‌గారు. మొదటి వారం అది పోసినప్పుడల్లా మా తమ్ముడు పేపర్ చుట్టి నేల మీద గట్టిగా కొట్టి బెదిరించేవాడు. నాలుగైదు రోజులకి హాల్లో తడి కనిపించడం మానేసింది, అలవాటైపోయిందని సంతోషించాం. ఆదివారం ఊడుద్దామని దివాన్ కాట్ పక్కకి జరిపితే గోడ వారగా ఎండిపోయి పసుపు అంచు కట్టిన మరకలు, ఒకటి కాదు, ఏడు. ఇంట్లో పోయకూడదని కాదు దానికి అర్థమైంది, వీళ్ళు చూస్తుండగా పోయకూడదని. నేను కాట్ జరుపుతుంటే చెవులు వెనక్కి వాల్చి మూలకి నక్కింది చూడండి, ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మీది బయట బిగబట్టుకోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు, పక్కన మీరున్నారు కదా.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. వంటగది తలుపు పక్కనున్న క్యాలెండర్ మీద అది తిన్న టైము, నిద్రలేచిన టైము, పోసిన టైము పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. మూడు రోజులకే తెలిసిపోయింది, దాదాపు ప్రతిసారీ నిద్రలేచిన వెంటనే, లేదంటే తిన్నాక పావుగంట నుంచి అరగంట లోపు, లేదంటే బాగా గెంతి గెంతి ఉన్నట్టుండి ఆట ఆపేసినప్పుడు. ఆట ఆపి ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరుగుతోందంటే ఇంక ఆలోచించకుండా ఎత్తుకుని బయటికి పరుగెత్తాల్సిందే. ఎన్ని నెలల పిల్లో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెప్తారు, అంటే మీ మూడు నెలల దానికి నాలుగు గంటలు, కానీ అది గట్టిగా ఆపుకుంటేనే. మెలకువగా ఉండి ఆడుతున్నప్పుడు గంట, గంటన్నరకి ఒకసారి తీసుకెళ్ళాల్సిందే.

ఇక బయట ఏమీ చేయకుండా లోపలికొచ్చి పోసే సంగతి. మీరు దాన్ని తిప్పుతున్నారు, అక్కడ బళ్ళు, వాసనలు, వేరే కుక్కల అరుపులు, దాని ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది. తిప్పొద్దు. బెల్టు పట్టుకుని రోజూ ఒకే చోటికి తీసుకెళ్ళి కదలకుండా నిలబడండి, ఐదు నుంచి పది నిమిషాలు, మాటల్లేవు, ఆటల్లేవు. చేసిందా, అది పూర్తయిన ఆ క్షణమే, అక్కడే, చిన్న ఉడికించిన చికెన్ ముక్క పెట్టి మెచ్చుకోండి, ఇంటికొచ్చాక పెడితే ఇంటికొచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఆ తర్వాత కాసేపు తిప్పండి, పోయగానే వెనక్కి తీసుకొచ్చేస్తే షికారు అయిపోతుందని భయపడి మళ్ళీ బిగబట్టడం మొదలెడుతుంది. చేయలేదా, లోపలికి తెచ్చినా వదలొద్దు, ఒళ్ళో పెట్టుకోండి లేదా బెల్టు మీ నడుముకి కట్టుకోండి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ అదే చోటికి. మొదటి రోజు నేను ఇలా నాలుగుసార్లు మెట్లెక్కి దిగాను, నాలుగోసారి చేసింది. మాకు నిజంగా పనిచేసింది ఇదే.

టీకాలు పూర్తి కాలేదంటే మాత్రం వీధిలో నేల మీద దింపకండి, కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో చాలా కాలం బతికే ఉంటుంది. మేం అప్పటివరకు డాబా మీద ఒక మూల పాత ట్రేలో గడ్డి, మట్టి వేసి అలవాటు చేశాం.

కడగడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మాది తాండూరు బండల నేల. బండ పైన తుడిచేస్తాం, మూత్రం సందుల్లోకి దిగిపోతుంది, మనకి ఫినాయిల్ వాసన తప్ప ఏమీ తెలియదు, దానికి మాత్రం అడుగున తన వాసనే తెలుస్తుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. పైగా తడి ఫినాయిల్ మీద నడిచి కాళ్ళు నాక్కుంటే దానికి మంచిది కాదు. పెట్ షాపుల్లో మూత్రం వాసనని పూర్తిగా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, దాన్ని సందుల్లో పోసి పది, పదిహేను నిమిషాలు నాననిచ్చాకే తుడవండి. వెనిగర్ వాడమని ఎవరైనా చెప్తే, మీదీ తాండూరు నేలైతే వాడకండి, అది సున్నపురాయి, పులుపు పడితే మెరుపు పోతుంది. మా హాల్లో టీవీ ముందు ఒక బండ అలాగే పాడైంది.

రాత్రిళ్ళు పడుకునే ముందు ఒకసారి, మధ్యలో అలారం పెట్టుకుని ఒకసారి తీసుకెళ్ళండి, లైట్లన్నీ వేసి హడావుడి చేయకుండా. నీళ్ళు మాత్రం పగలు ఎప్పుడూ తగ్గించకండి, ఎండాకాలం అసలే వద్దు.

ఇవన్నీ చేస్తున్నా కొంచెం కొంచెంగా మాటిమాటికీ పోస్తున్నా, పోసేటప్పుడు మూలిగినా, ఎర్రగా కనిపించినా అది శిక్షణ సమస్య కాదు, ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి, కుదిరితే పొద్దున మొదటిసారి పోసింది శుభ్రమైన పొడి సీసాలో పట్టి తీసుకెళ్ళండి, పరీక్షకి పనికొస్తుంది. మీరు ఆఫీసు నుంచి రాగానే ఎగిరి మీ కాళ్ళ దగ్గర నాలుగు చుక్కలు పోస్తే దాన్ని ఏమీ అనకండి, అది సంతోషం పట్టలేక చేసేది, పెద్దయ్యేకొద్దీ పోతుంది.

మా చిట్టికి పూర్తిగా అలవాటవడానికి రెండున్నర నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి వారం రోజులు ఆగకుండా వాన పడితే మళ్ళీ మొదటికొచ్చింది, గొడుగు పట్టుకుని దాని పక్కన నిలబడితే రెండు రోజుల్లో సర్దుకుంది. ముందు ఆ మూడు రోజుల టైములు రాసి ఇక్కడ పెట్టండి, ఏ టైముకి తీసుకెళ్తే బాగుంటుందో చూసి చెప్తాను.