క్యాంపులో బొట్టు తేలింది, ల్యాబ్‌లో 12.9 వచ్చింది. ఏది నమ్మాలి?

మీ ప్రశ్న చూశానండి. కాలేజీ రక్తదాన క్యాంపులో వేలి రక్తం నీలం నీళ్ళల్లో వేస్తే బొట్టు పైకి తేలిందని వెనక్కి పంపేశారు, మర్నాడు ల్యాబ్‌లో సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేయిస్తే హిమోగ్లోబిన్ 12.9 వచ్చింది, ఈ రోజుల్లో కూడా ఆ పాతకాలపు పద్ధతేంటి అని అడిగారు. ఓ జిల్లా కేంద్రంలో బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్‌గా పన్నెండేళ్ళు చేశాను, క్యాంపుల్లో ఆ నీలం బీకర్ ముందు కూర్చునేది నేనే, మీలాంటివాళ్ళ చేత తిట్లు తినేదీ నేనే.

ముందు ఆ నీళ్ళ సంగతి. అది కాపర్ సల్ఫేట్, మన రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే మైలతుత్తమే. దాని స్పెసిఫిక్ గ్రావిటీ (మామూలు నీళ్ళతో పోలిస్తే ఎంత బరువో) కరెక్టుగా 1.053 ఉండేట్టు కలుపుతారు. మన దేశంలో ఆడైనా మగైనా రక్తం ఇవ్వాలంటే హెచ్‌బీ, అంటే హిమోగ్లోబిన్, 12.5 ఉండాలి, 12.5 ఉన్న రక్తం బరువు దాదాపు ఆ నీళ్ళతో సమానం. బొట్టు పడగానే దాని చుట్టూ సన్నటి పొర కడుతుంది, 15 సెకన్ల దాకా లోపలి రక్తం నీళ్ళల్లో కలవదు, ఆ లోపు మునిగితే పాస్, మధ్యలో తటపటాయించి పైకి లేస్తే ఫెయిల్. ఎంతుందో చెప్పదు, గీత దాటిందా లేదా అంతే చెప్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో వాన్ స్లైక్ అనే శాస్త్రవేత్త వాళ్ళు తయారుచేసిన పద్ధతి, ఇంకా బతికుందంటే చవక కాబట్టి, కరెంటు అక్కర్లేదు కాబట్టి, రెండొందల మంది లైన్లో ఉన్నా చకచకా తేలిపోతుంది కాబట్టి.

పద్ధతి మంచిదే, తప్పు ఎక్కువగా బొట్టు దగ్గరా బీకర్ దగ్గరా జరుగుద్ది. నా తప్పే చెప్తా. డిసెంబర్లో ఓ ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపు, సెమినార్ హాల్లో ఏసీ ఫుల్లు, పిల్లల చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి. ప్రిక్ చేస్తే రక్తం రాదు, నేనేమో వెనక లైన్ పెరిగిపోతోందని వేలు పట్టుకుని పిండుతున్నా, బొట్టు వేస్తున్నా, తేలుతోంది. వరసగా తొమ్మిది మంది అమ్మాయిలు ఫెయిల్. మా మెడికల్ ఆఫీసర్ మేడమ్ వచ్చి కాసేపు నిలబడి చూసి "అలా పిసికితే వచ్చేది రక్తం కాదు బాబూ, నీళ్ళు" అన్నారు. నిజమే, గట్టిగా పిండితే చుట్టుపక్కల కండలోని నీరు కూడా కలిసి రక్తం పల్చబడుతుంది. ఆ తొమ్మిది మందికీ నరం నుంచి శాంపిల్ తీసి సెల్ కౌంటర్లో (రక్తకణాలు లెక్కపెట్టే ల్యాబ్ మెషీన్లో) పెడితే నలుగురికి 12.5 పైనే ఉంది. అప్పటికే ఇద్దరు ఇళ్ళకి వెళ్ళిపోయారు, ఫోన్ చేసి చెప్పాల్సొచ్చింది, సిగ్గేసింది. ఇంకోటి కూడా ఉంది, 30 ఎంఎల్ సొల్యూషన్ 25 మందికి మాత్రమే, తర్వాత మార్చాలి, ఆ రోజు నేను లెక్కే పెట్టలేదు.

దీనికి ఉల్టా కూడా జరుగుద్ది. మే నెలలో సొల్యూషన్ బాటిళ్ళు వ్యాన్‌లో ఎండకి ఉడికిపోతే నీళ్ళు తేలికైపోతాయి, అప్పుడు తక్కువున్న బొట్టు కూడా బుడుంగున మునుగుతుంది. రక్తంలో ప్రోటీన్ బాగా ఎక్కువున్నవాళ్ళకీ అంతే. మూత తీసిన బీకర్ ఫ్యాన్ కింద గంటలకొద్దీ ఉంటే నీరు ఆవిరై చిక్కబడి, బాగున్నవాళ్ళ బొట్టు కూడా తేలుతుంది. నన్నడిగితే ఆరోగ్యవంతుడిని వెనక్కి పంపడం కంటే రక్తం తక్కువున్న మనిషి దగ్గర 350 ఎంఎల్ తీసెయ్యడమే పెద్ద తప్పు, కానీ దాని గురించి ఎవరూ వచ్చి గొడవపడరు, వాళ్ళకి తెలీదు కాబట్టి.

కొన్ని చోట్ల హిమోగ్లోబిన్ కొలిచే హీమోక్యూ లాంటి చిన్న మెషీన్ ఉంటుంది, క్యువెట్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కలోకి 10 మైక్రోలీటర్ల రక్తం దానంతటదే పీల్చుకుంటుంది, నంబర్ వస్తుంది. బాగుంటుంది, కానీ మనిషికో క్యువెట్ పోవాలి, ఖర్చంతా అక్కడే. పైగా క్యువెట్లకి తేమ పడదు, ఓ వానాకాలం మావాడు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే మర్నాడు రీడింగులన్నీ తిక్కతిక్కగా వచ్చాయి. అయినా దీనికి పెట్టేదీ ఆ వేలి బొట్టే కదా, పిసికిన రక్తం మెషీన్లో పెట్టినా పిసికిన రక్తమే. ఇక హిమోగ్లోబిన్ చూసే ఇంకో పాత పద్ధతి సాలీ, యాసిడ్‌లో 20 మైక్రోలీటర్లు వేసి పది నిమిషాలాగి, నీళ్ళు చుక్కచుక్కా కలుపుతూ బ్రౌన్ గాజుతో రంగు పోల్చడం. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) ప్రాక్టికల్స్‌లో ఒకే రక్తానికి నాకొకటి, నా పక్కోడికి ఇంకోటి వచ్చేది. డోనర్ల దగ్గర అది వద్దే వద్దు.

కాబట్టి మీ కేసులో ల్యాబ్ రిపోర్టే నమ్మండి, నరం నుంచి తీసి కౌంటర్లో చూసింది కాబట్టి. కాకపోతే 12.9 అంటే గట్టు మీద నిలబడ్డట్టే, క్యాంపు వాళ్ళు మరీ గుడ్డిగా ఏం చెప్పలేదు. గీత కూడా దేశాన్ని బట్టి మారుద్ది, అమెరికాలో మగవాళ్ళకి 13, ఇంగ్లండ్‌లో 13.5, అక్కడైతే మీరు మగవాళ్ళయితే ఈ 12.9 పనికిరాదు.

ఈసారి క్యాంపుకెళ్తే ప్రిక్‌కి ముందు చేతులు బాగా రుద్దుకుని వేడి చేసుకోండి, మొదటి బొట్టు దూదితో తుడిచి రెండోది తియ్యమనండి, పిండుతుంటే ఆపమనండి, ఏం ఫర్వాలేదు. తేలితే నరం నుంచి తీసి ఇంకోసారి చూడమని మర్యాదగా అడగండి, బ్లడ్ బ్యాంక్‌లోనే అయితే చాలాసార్లు చూస్తారు. రెగ్యులర్‌గా ఇచ్చేవాళ్ళయితే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి, ఒక్కో డొనేషన్‌తో దాదాపు 200 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది, హెచ్‌బీ బాగానే కనిపిస్తున్నా లోపల నిల్వ ఖాళీ అయ్యుండొచ్చు. అది ఏ నీలం నీళ్ళూ చెప్పవు.