ట్రాక్టర్ కొనబోతున్న చిన్నాకి

చిన్నా,

నువ్వు 50 హెచ్‌పీ బండికి అడ్వాన్స్ కట్టబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఐదెకరాలు కౌలుకివ్వకుండా సొంతంగా చేస్తావట కదా! సంతోషంతో కొంత, టెన్షన్‌తో కొంత, రాత్రి నిద్ర పట్టలేదురా.

బెజవాడ షోరూమ్‌కి వెళ్లేముందు టేపు పట్టుకుని మన సందు కొలువు. గుడి మలుపులో రెండెడ్ల బండే కష్టంగా తిరిగేది. దొడ్లో గేదెల పాక పక్కన, వెనక తగిలించే ట్రక్కుతో సహా వెనక్కి తిప్పగలవో లేదో చూసుకో.

దుగ్గిరాల వైపు మన నేల నల్లరేగడి. మట్టిని గుల్ల చేసే ఐదడుగుల రోటావేటర్‌కి 40 హెచ్‌పీ లోపే సరిపోతుంది. మరీ బరువైన బండి దమ్ము చేసే బురదలో దిగబడిందంటే ఇంకో బండి తెచ్చి లాగాలి. వరి కోతకి ముందే మినుములు చల్లేస్తాం, ఆ పంటకి దున్నే పనే లేదు. ఏడాదిలో నీ బండి మన చేలో తిరిగేది ఎన్నాళ్లు? కిస్తీ కోసం రాత్రిళ్లు బాడుగలకి పోతావా? షోరూమ్ వాళ్లు చెప్పే హెచ్‌పీ ఇంజిన్‌ది. రోటావేటర్‌ని తిప్పే వెనక షాఫ్టు, అదే పీటీఓ, దగ్గరికి వచ్చేసరికి కొంత తగ్గుతుంది. ఆ అంకె విడిగా అడుగు.

అలాగని మరీ చిన్నది కొనేవు, జాగ్రత్త. నేను చేసింది అదే.

1994లో ధర తక్కువని పాత 25 హెచ్‌పీ బండి కొన్నా. నూర్పిళ్లయ్యాక ట్రక్కులో 40 బస్తాలు వేశాం. బస్తా 75 కిలోలు, అంటే 3 టన్నులు. ఇంకో ట్రిప్పు దండగన్నది నేనే. బండి వెనక కింది కొక్కేనికి తగిలించాల్సిన ట్రక్కుని పైదానికి తగిలించిందీ నేనే. మీ నాన్న మడ్‌గార్డ్ మీద కూర్చున్నాడు. కాలవ గట్టు ఎక్కుతుంటే ఇంజిన్ మూలగడం మొదలెట్టింది. ఆగితే మళ్లీ లాగదేమోనని గేరు తగ్గించి క్లచ్ ఠక్కున వదిలా. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. రోడ్డు కనపడలేదు, బానెట్ మీద ఆకాశం కనపడింది. క్లచ్ తొక్కేసరికి ముందు భాగం దభీమని పడింది. ఇక ట్రక్కు మమ్మల్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. బ్రేకు తొక్కుతూనే ఉన్నా, ఆగదే! తాటి మొద్దుకి కొట్టుకుని ఆగింది. అవతల కాలవ.

మీ నాన్న దూకేశాడు. వాడి ఎడమ మణికట్టు వంకర ఎందుకో నీకు తెలుసా? సైకిల్ మీంచి పడ్డానని మా అమ్మకి చెప్పాడు. నీకూ అదే చెప్పుంటాడు. నన్ను ఒక్క మాట అనలేదురా. ఆ ఏడే బండి అమ్మేశా, ఎందుకమ్మావని కూడా అడగలేదు.

రోడ్డెక్కేముందు, కుడి చక్రానికొకటి ఎడమ చక్రానికొకటి ఉండే బ్రేకు పెడళ్లు రెంటికీ కలిపి కొక్కెం వెయ్యి. లేదంటే స్పీడులో ఒక పక్కే పట్టి బండి తిరిగిపోతుంది. మడ్‌గార్డ్ మీద ఎవర్నీ కూర్చోనివ్వకు. పిల్లలు ఏడ్చినా సరే, మీ నాన్న మొండికేసినా సరే.

35 నుంచి 42 హెచ్‌పీ లోపు చూడమంటాను. ఆదివారం నేనొస్తా, అప్పటిదాకా అడ్వాన్స్ కట్టకు. కట్టేశావో, నీ చెవి మెలేస్తా, పెళ్లయిన వాడివని కూడా చూడను. నేనొస్తున్నానని మీ అమ్మకి చెప్పు, గోంగూర ఉంటే చాలు.

మీ పెదనాన్న