టెక్ సందేహాలు: లోనర్ కారు ఇచ్చేసేముందు దాని స్క్రీన్ ఖాళీ చేయండి

లోనర్ కారు గురించి ఈమధ్య వరసగా మెయిల్స్ వస్తున్నాయి. మన కారు బాడీ షాపులో వారం పది రోజులు ఉండిపోతే, అప్పటిదాకా తిప్పుకోమని షోరూం వాళ్లు ఇచ్చే కారది. చాలామంది అడిగేది ఒకటే: "ఆ కారు అంత బాగుంది, నా కారు ఎందుకలా లేదు?" నాకు టెన్షన్ పెట్టింది మాత్రం వేరే మెయిల్. దానికే ఎక్కువ చోటిస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ముందు మియాపూర్ పాఠకుడి సందేహం. "నాది 2019 పెట్రోల్ కారు. బంపర్ పనికి ఇస్తే అదే మోడల్‌లో కొత్త కారు చేతికిచ్చారు. దాని డిస్‌ప్లేలో మైలేజీ 17 చూపిస్తోంది. నా దాంట్లో ఎప్పుడు చూసినా 12. ఇంజన్‌లో లోపమా? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయిస్తే సరిపోతుందా?"

ఆ 17 మీది కాదు. ట్రిప్ మీటర్ రీసెట్ చేయకపోతే డిస్‌ప్లేలోని సగటు మీకంటే ముందు నడిపినవాళ్లది. వాళ్లు ఔటర్ మీద శంషాబాద్ నుంచి పటాన్‌చెరు దాకా ఒకే వేగంతో వెళ్లొచ్చి ఉంటే ఆ అంకె అలాగే కనిపిస్తుంది. మీరేమో మీ కారుని రోజూ మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా ఫస్టు, సెకండ్ గేర్లలోనే లాగుతున్నారు. 'ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్తుంది' అని చూపించే అంకె కూడా ఇంతే. ఇటీవల బండి ఎలా నడిచిందో చూసి వేసే లెక్క అది. రెండు కార్లనూ పోల్చాలంటే ట్యాంకు ఫుల్ చేయించి, పంపు దానంతటదే ఆగగానే ట్రిప్ సున్నా చేయండి. మీ మామూలు రూట్లోనే కొన్ని రోజులు తిరిగి, అదే బంకులో మళ్లీ అలాగే ఫుల్ కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే అసలు మైలేజీ. అప్పుడూ తేడా పెద్దగా ఉంటే ముందు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ చూపించండి.

అప్‌డేట్ విషయానికొస్తే, మైలేజీ పెంచుతామని ఎవరైనా అప్‌డేట్ అమ్మజూపితే డబ్బులు కట్టకండి. స్టీరింగ్ కింద ఉండే, మెకానిక్‌లు కారు లోపాలు చదవడానికి వాడే ఓబీడీ సాకెట్‌లో పెడితే పెట్రోలు ఆదా అవుతుందంటూ ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న ప్లగ్గులు కూడా వద్దు. వాటిని విప్పి చూసినవాళ్లకు లోపల లైటు వెలిగించే సర్క్యూట్ తప్ప ఇంజన్‌కి పనికొచ్చేదేమీ దొరకలేదు. అదే సాకెట్‌లో పెట్టే చవక బ్లూటూత్ స్కానర్లది ఇంకో సమస్య. చాలావాటికి పిన్ నంబరు 1234 లేదా 0000. చూసుకోవాల్సింది చూసుకుని తీసేయాలి గానీ పెట్టి వదిలేస్తే, పక్కన కారు ఆపుకున్నవాడు కూడా మీ కారు లోపలి నెట్‌వర్క్‌తో మాట్లాడగలడు.

ఇప్పుడు సైనిక్‌పురి నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన మెయిల్. "లోనర్ కారుకి నా ఫోన్ కలపబోతే స్క్రీన్ మీద అప్పటికే చాలా ఫోన్ల పేర్లున్నాయి. ఒకటి నొక్కితే ఎవరివో కాల్స్ కనిపించాయి. అమ్మ, చిన్న మావయ్య, పాప స్కూల్ వ్యాన్ అని. భయమేసి వెనక్కి వచ్చేశాను. కారు ఇచ్చేసేటప్పుడు నా ఫోన్‌లో ఆ కారు పేరు డిలీట్ చేశాను. అది చాలా?"

చాలదు. అందరూ చేస్తున్న పొరపాటు సరిగ్గా ఇదే. మీ ఫోన్‌లో 'ఫర్‌గెట్' నొక్కితే ఫోన్ ఆ కారుని మరిచిపోతుంది. కారులో దిగిన కాపీ మాత్రం కారులోనే ఉంటుంది. బ్లూటూత్ కలిపేటప్పుడు 'కాంటాక్ట్స్, కాల్ హిస్టరీ చూడనివ్వాలా' అని ఫోన్ అడుగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగి హడావుడిగా కలుపుతున్నప్పుడు అందరం 'అలౌ' నొక్కేస్తాం. ఆ క్షణం నుంచి మీ ఫోన్‌బుక్ మొత్తం కారు మెమరీలోకి దిగుతుంది. కొన్ని కార్లు ఆ ఫోన్ దగ్గర్లో లేనప్పుడు జాబితాను తెర మీద చూపించవు, కానీ లోపల దాచుకుంటాయి. మీరు చూసినట్టు కొన్ని దాచను కూడా దాచవు.

కాంటాక్ట్స్ పోతే ఏముందిలే అనుకునేవాళ్లకు చెబుతున్నాను, నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. మన ఫోన్‌బుక్ ఉత్త నంబర్ల పట్టీ కాదు. మనం పేర్లను వరసలతో రాసుకుంటాం. అత్తయ్య, బావ కెనడా, పెద్దోడి ట్యూషన్ మేడమ్, గోల్డ్ లోన్ బ్యాంక్. ఇది చేతికి దొరికిన మోసగాడికి ఇంకేం పరిశోధన అక్కర్లేదు. "అత్తయ్యా, బావకి యాక్సిడెంట్ అయింది, ఆసుపత్రిలో అర్జంటుగా కట్టాలి" అని ఫోన్ చేస్తే ఏ అత్తయ్య ఆగి ఆలోచిస్తుంది? ఇక మెసేజ్‌ల అనుమతి కూడా ఇచ్చి ఉంటే, బ్యాంకు ఓటీపీ రాగానే స్క్రీన్ మీద కనబడుతుంది, కొన్ని కార్లు పైకి చదివి వినిపిస్తాయి కూడా. పక్కసీటులో షోరూం డ్రైవర్ ఉన్నా ఆగవు. నావిగేషన్‌లో 'హోమ్' అని పెట్టుకున్న చిరునామా, రోజూ ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి వస్తారో చెప్పే ట్రిప్పులు వీటికి తోడు. జిరాక్స్ షాపు కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి, లాగవుట్ చేయకుండా వచ్చేయడం ఎంత ప్రమాదమో ఇదీ అంతే.

అందుకని లోనర్ కారులో బ్లూటూత్ కలిపితే కాల్స్ వరకే ఉంచండి. ఆండ్రాయిడ్‌లో కనెక్టెడ్ డివైసెస్‌లోకి వెళ్లి ఆ కారు పేరు పక్కన గేర్ గుర్తు నొక్కితే కాంటాక్ట్స్, మెసేజ్‌ల అనుమతులు ఆఫ్ చేయొచ్చు. ఐఫోన్‌లో బ్లూటూత్ జాబితాలో కారు పేరు పక్కన 'ఐ' గుర్తు నొక్కితే సింక్ కాంటాక్ట్స్, షో నోటిఫికేషన్స్ ఉంటాయి, రెండూ తీసేయండి. దారి చూసుకోవడానికి ఫోన్‌ని డ్యాష్‌బోర్డు స్టాండులో పెట్టుకుంటే సరిపోతుంది. చార్జింగ్‌కి కారు యూఎస్‌బీ పోర్టు బదులు పాత సిగరెట్ లైటర్ సాకెట్‌లో మీ సొంత చార్జర్ పెట్టుకోండి, అందులోంచి కరెంటు తప్ప డేటా పోదు. కొత్త కార్ల స్క్రీన్‌లోనే గూగుల్ లాగిన్, వీడియో యాప్స్ ఉంటున్నాయి. పిల్లలు గోల చేశారని కూడా అందులో మీ అకౌంట్ తెరవద్దు.

కారు అప్పగించే ముందు దాని సెట్టింగ్స్‌లో మీ ఫోన్ పేరు డిలీట్ చేసి, ఆపై ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. అది ఎక్కడుందో తెలియకపోతే సర్వీస్ అడ్వైజర్ చేత మీ ఎదురుగా చేయించండి. ఉపాధ్యాయిని గారిలా ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఆ అడ్వైజర్‌కి ఫోన్ చేసి ఊరుకోకుండా, కారు నంబరు, తేదీలు వేసి మెయిల్ పెట్టండి. ఆ కారు ఇన్ఫోటెయిన్‌మెంట్ (స్క్రీన్ సిస్టమ్) రీసెట్ చేసి, చేశామని జవాబివ్వమనండి. అందులో గూగుల్ అకౌంట్ తెరిచి ఉంటే ఫోన్‌లోనే అకౌంట్ సెక్యూరిటీ పేజీలో 'యువర్ డివైసెస్' జాబితా చూసి సైన్ అవుట్ చేయొచ్చు. మీ పేరు చెప్పి ఎవరైనా బంధువుల దగ్గర డబ్బు లాగితే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇంత జాగ్రత్త పాఠకురాలే పడాలా అన్నది నా కోపం. లోనర్ తిరిగి తీసుకునేటప్పుడు షోరూం మనిషి చుట్టూ తిరిగి గీతలు చూస్తాడు, పెట్రోలు ముల్లు చూస్తాడు, స్టెప్నీ ఉందో లేదో చూస్తాడు. స్క్రీన్ వైపు ఎవరూ చూడరు. ఆ చెక్‌లిస్టులో ఒక గడి పెంచితే అయిపోయే పని ఇది. కారు తయారుచేసేవాళ్లదీ తప్పే. ఆండ్రాయిడ్ ఫోన్లలో గెస్ట్ మోడ్ ఎప్పటినుంచో ఉంది. చేతులు మారుతుందని తెలిసిన కారులో, ఇంజన్ ఆపగానే అన్నీ చెరిపేసే మోడ్ పెట్టడం కష్టమేమీ కాదు. 2023 సెప్టెంబరులో మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల ప్రైవసీ విధానాలు పరిశీలిస్తే ఒక్కటీ గట్టెక్కలేదు. మన దగ్గర డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలూ నోటిఫై అయ్యాయి. మన వివరాలు చెరిపేయమని అడిగే హక్కు ఆ చట్టంలో ఉంది. షోరూంలు అది పూర్తిగా అమల్లోకి వచ్చే గడువు దాకా ఆగకుండా ఇవాళే మొదలుపెట్టాలి.

మల్కాజిగిరి పాఠకుడిది వేరే తలనొప్పి. "లోనర్ కారులో అడాస్ (కెమెరా, సెన్సర్లతో డ్రైవర్‌కి సాయం చేసే వ్యవస్థ) ఉంది. ఆటో అడ్డం వస్తే చాలు బీప్ బీప్‌మంటోంది, ఒకసారి తనే బ్రేక్ వేసింది. వెనక బైకు గుద్దబోయింది. ఆఫ్ చేసేయనా?"

ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఆఫ్ చేయకండి. సెట్టింగ్స్‌లో ముందు హెచ్చరిక ఎంత దూరం నుంచి రావాలో ఎంచుకునే వీలుంటుంది, దాన్ని అన్నిటికంటే తక్కువకి పెట్టండి. గీత దాటకుండా స్టీరింగ్‌ని సర్దే లేన్ అసిస్ట్ మాత్రం సిటీలో తీసేయొచ్చు. గీతలు చెరిగిపోయిన రోడ్ల మీద దానికి చూడ్డానికేమీ ఉండదు. ఔటర్ మీద పెట్టుకుంటే ఉపయోగమే, ఇండికేటర్ వేసి లేన్ మారితే స్టీరింగ్ లాగదు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. అసలు ప్రమాదం మీ సొంత కారులోకి తిరిగి ఎక్కిన రోజున. లోనర్‌లో ఆటో హోల్డ్ (ఆగిన బండిని తనే బ్రేక్ మీద పట్టి ఉంచేది), ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే వారం రోజుల్లో కాలికీ చేతికీ అలవాటైపోతాయి. మీ పాత కారులో హ్యాండ్‌బ్రేక్ మీరే లాగాలి. ఫ్లైఓవర్ ఎక్కుడులో ఆగితే బండి వెనక్కి జారుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ మరిచి దిగితే ఏమవుతుందో ఊహించుకోండి. మొదటి రెండు రోజులు నెమ్మదిగా నడపండి, దిగేముందు హ్యాండ్‌బ్రేక్ చేత్తో తడిమి చూడండి.

ఆయన మెయిల్ చివర్లో ఇంకో మాట ఉంది: ఏసీ తగ్గించాలన్నా స్క్రీన్‌లో మూడుచోట్ల నొక్కాల్సి వస్తోందట. ఇది ఆయన ఒక్కరి బాధ కాదు, నాదీ. హైదరాబాద్ వానలో రాయదుర్గం దగ్గర అద్దం ఒక్కసారిగా మంచు పట్టేస్తే, ముందున్న బండి ఎర్రలైట్లు కూడా కనబడవు. ఆ సమయంలో చెయ్యి చూడకుండానే బటన్ మీదికి పోవాలి. మెనూలో వెతుక్కోవడం ఏమిటి? 2022లో స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక ఇదే పరీక్షించింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో ఏసీ, రేడియో లాంటి కొన్ని పనులు చేయమంటే, బటన్లున్న 2005 నాటి కారులో డ్రైవర్‌కి 10 సెకన్లు పట్టింది. అన్నీ టచ్‌స్క్రీన్‌లోకి నెట్టేసిన ఒక కొత్త కారులో 44 సెకన్లు దాటింది. ఆ వేగంలో 44 సెకన్లంటే 1,300 మీటర్లకు పైగా ప్రయాణం. కార్ల భద్రతకి స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్ లాంటి వాటికి విడి బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటోంది. 2023లో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఆ పని చేయాలి, జాబితాలో అద్దం మంచు తీసే డీఫాగర్‌ని కూడా కలపాలి. మీ పాత కారులో ఏసీకి ఆ మూడు గుండ్రటి నాబ్‌లు ఉంటే, వాటికోసమైనా ఆ కారుని ఇంకొన్నేళ్లు ఉంచుకోండి.

చివరిగా కొండాపూర్ నుంచి: "నా కారు సర్వీసులో ఉండగా రాత్రి తొమ్మిదింటికి మాదాపూర్‌లో తిరుగుతున్నట్టు కారు కంపెనీ యాప్‌లో కనిపించింది. అడగొచ్చా?" తప్పకుండా అడగండి. టెస్ట్ డ్రైవ్ మామూలే, కానీ వర్క్‌షాప్ మూసేశాక దాని అవసరమేంటో వాళ్లు చెప్పాలి. యాప్‌లో ట్రిప్ స్క్రీన్‌షాట్ తీసుకుని, జాబ్ కార్డులో రాసిన ఓడోమీటర్ అంకెతో ఇప్పటిది సరిచూడండి. మీ యాప్‌లో జియోఫెన్స్ (కారు గీసిన హద్దు దాటితే చెప్పేది), వాలే మోడ్ (కారు వేరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడు కనిపెట్టి ఉండేది) ఉంటే ఈసారి ఇచ్చేముందే ఆన్ చేయండి. ఇంకో విషయం, మీరు తిప్పే లోనర్‌లో కూడా ఇలా కారు ఎక్కడుందో యాప్‌కి పంపే సిమ్ ఉండొచ్చు. దాని యాప్ షోరూంలో ఎవరి ఫోన్‌లో ఉందో, మీరెక్కడున్నారో వాళ్లకి కనిపిస్తుందో లేదో తాళం తీసుకునేటప్పుడే అడిగేయండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాపీలు అప్పుడే తీసుకోండి. ఇచ్చేటప్పుడు తేదీ, టైము వేయించి సంతకం తీసుకుని, ఓడోమీటర్ ఫొటో తీసి పెట్టుకోండి. చలానా బండి నంబరు మీద పడుతుంది, మీరు అప్పగించాక వేరేవాళ్లు సిగ్నల్ దాటితే చూపించడానికి ఆ కాగితం కావాలి.